రేవులో భారీ సరుకు ఎత్తేటప్పుడు దెబ్బ తగలకుండా: బరువు లెక్క నుంచి పరిహారం కాగితం దాకా

విశాఖ, గంగవరం, కాకినాడ, కృష్ణపట్నం రేవుల్లో పనిచేసే ఖలాసీలు, జట్టు కూలీలు, మేస్త్రీలు, వాళ్ల ఇళ్లల్లోవాళ్లు పదేపదే అడిగేవి రెండే ప్రశ్నలు. తప్పు ఎక్కడ జరుగుతోంది? దెబ్బ తగిలాక ఏం చెయ్యాలి?

క్రేన్ కింద పనిలో అందరి చూపూ గాల్లో ఉన్న బరువు మీదే ఉంటుంది. వేళ్లు పోయేది మాత్రం స్లింగ్ (సరుకుకు చుట్టి హుక్‌కు తగిలించే తాడు లేదా బెల్టు) బిగిసే క్షణంలో, లేదా సరుకు చెక్కల మీద కూర్చునే క్షణంలో. ఈ కింద రాసినదంతా ఆ రెండు క్షణాలకు సిద్ధం కావడం గురించే. వరసలోనే చదవండి, పనిలోనూ అదే వరస పాటించండి.

## 1. ముందు బరువు తేల్చుకోండి

ప్యాకింగ్ లిస్టులో ఉన్న అంకెను గుడ్డిగా నమ్మకండి. గ్రానైట్ దిమ్మెల విషయంలో ఇది మరీ ముఖ్యం. క్వారీ వ్యాపారంలో దిమ్మెను కొలిచేటప్పుడు అంచుల హెచ్చుతగ్గుల కోసం ప్రతి వైపూ కొన్ని సెంటీమీటర్లు తగ్గించి ‘నెట్’ కొలత రాస్తారు. డబ్బు లెక్కకు అది సరే. క్రేన్ మోసేది మాత్రం మొత్తం రాయిని.

చీమకుర్తి నుంచి వచ్చిన ఒక దిమ్మె ఉందనుకోండి. కాగితం మీద 2.7 × 1.5 × 1.4 మీటర్లు. అంటే 5.67 ఘనపు మీటర్లు. గ్రానైట్ ఘనపు మీటరుకు సుమారు 2.7 టన్నులు కాబట్టి 15.3 టన్నులు వస్తుంది. అదే రాయిని టేపు పెట్టి అంచు నుంచి అంచుకు కొలిస్తే 2.8 × 1.6 × 1.5. అంటే 6.72 ఘనపు మీటర్లు, 18.1 టన్నులు. ఒక్క దిమ్మెలో దాదాపు 3 టన్నుల తేడా.

లెక్కకు పనికొచ్చే అంకెలు (ఘనపు మీటరుకు):

- ఉక్కు: 7.85 టన్నులు
- గ్రానైట్: 2.7 టన్నులు
- కాంక్రీటు: 2.4 టన్నులు
- నీళ్లు: 1 టన్ను

దుంగలు నాని ఉంటే చెట్టు జాతిని చూసి బరువు అంచనా కట్టకండి. నీళ్లంత బరువు అనుకునే లెక్క వేసుకోండి.

వచ్చిన బరువుకు స్లింగులు, షాకిళ్లు (పిన్‌తో మూసే U ఆకారపు ఉక్కు కొక్కేలు), స్ప్రెడర్ బీమ్ (స్లింగ్ కాళ్లను ఎడంగా పట్టే అడ్డ దూలం), హుక్ బ్లాక్ (హుక్, దాని కప్పీ) బరువు కలపండి. ఆ మొత్తంతో క్రేన్ ఆపరేటరును అడగాల్సింది ‘నీ క్రేన్ ఎన్ని టన్నులది?’ అని కాదు. ‘ఈ రేడియస్‌లో ఎంత ఎత్తుతుంది?’ అని. రేడియస్ అంటే క్రేన్ తిరిగే మధ్య నుంచి హుక్ దాకా అడ్డంగా ఉండే దూరం. 40 టన్నుల మొబైల్ క్రేన్ 40 టన్నులు ఎత్తేది బూమ్ బాగా దగ్గరగా ఉన్నప్పుడే. బూమ్ చాచే కొద్దీ ఆ శక్తి వేగంగా పడిపోతుంది. కాబట్టి ఎత్తే చోట, దించే చోట, రెండు చోట్లా రేడియస్ చూడాలి. ఎత్తేటప్పుడు సరిపోయి, దించేచోటికి తిప్పేసరికి క్రేన్ ఒరిగే ప్రమాదాలకు కారణం చాలాసార్లు ఇదే.

## 2. స్లింగ్ ఎంపిక, కోణం లెక్క

ఈ భాగం అర్థం కాకపోతే మిగతాది చదివినా ఉపయోగం తక్కువ.

రెండు కాళ్ల స్లింగ్ వేసినప్పుడు ఒక్కో కాలు మీద సగం బరువే పడుతుందని చాలామంది అనుకుంటారు. కాళ్లు నిటారుగా ఉంటేనే అది నిజం. కాళ్లు పక్కలకు పరుచుకునే కొద్దీ లాగుడు పెరుగుతుంది. 10 టన్నుల సరుకుకు, నేలతో కాలు చేసే కోణాన్ని బట్టి ఒక్కో కాలు మీద పడేది ఇంత:

- నిటారుగా: 5 టన్నులు
- 60 డిగ్రీలు: 5.8 టన్నులు
- 45 డిగ్రీలు: 7.1 టన్నులు
- 30 డిగ్రీలు: 10 టన్నులు

చివరి అంకె మళ్లీ చూడండి. 30 డిగ్రీలకు వచ్చేసరికి ఒక్కో కాలు మొత్తం సరుకు బరువుతో సమానంగా లాగబడుతోంది. అంతకన్నా కిందికి అసలు వెళ్లకూడదు. 60 దగ్గర ఉండేలా చూసుకోవడం మంచి అలవాటు.

కోణం కొలిచే పరికరం జేబులో ఎవరికీ ఉండదు. టేపు చాలు. సరుకు మీద రెండు కట్టుబడి చోట్ల మధ్య దూరం కొలిచి, స్లింగ్ కాలు పొడవుతో పోల్చండి.

- దూరం, కాలు పొడవు సమానం: 60 డిగ్రీలు. బాగుంది.
- దూరం కాలు పొడవుకు 1.4 రెట్లు: 45 డిగ్రీలు. స్లింగ్ సామర్థ్యం మళ్లీ లెక్క చూడండి.
- దూరం కాలు పొడవుకు 1.7 రెట్లు: 30 డిగ్రీలు. ఆపండి. పొడవు స్లింగ్ తెప్పించండి, లేదా స్ప్రెడర్ బీమ్ వాడండి.

నాలుగు కాళ్ల స్లింగ్‌తో గట్టి సరుకు (యంత్రం, ఉక్కు ఫ్రేము) ఎత్తేటప్పుడు బరువు నాలుగింటి మీదా సమానంగా పడదు. ఒక కాలు పిసరంత పొడవున్నా అది వదులుగానే ఉండిపోతుంది. అందుకని రెండు కాళ్లే మోస్తున్నాయనుకుని లెక్క కట్టండి. ఇది అతిజాగ్రత్త అని నవ్వేవాళ్లుంటారు, నవ్వనివ్వండి.

స్లింగ్‌ను ముడిలా బిగించి ‘చోకర్’ వేస్తే దాని సామర్థ్యం నిటారు లాగుడులో ఉండేదానికి సుమారు 80 శాతానికి పడిపోతుంది. చోకర్ బిగిసే చోటును కర్రతోనో సుత్తితోనో కొట్టి కిందికి దింపే అలవాటు మానండి. అలా కొడితే ఆ బిగింపు దగ్గర లాగుడు ఇంకా పెరుగుతుంది.

వెబ్బింగ్ బెల్టులకు రంగును బట్టి సామర్థ్యం ఉంటుంది: ఊదా 1 టన్ను, ఆకుపచ్చ 2, పసుపు 3, బూడిద 4, ఎరుపు 5, గోధుమ 6, నీలం 8, నారింజ 10. రంగు చూసి తెచ్చుకోండి, లేబుల్ చదివి వాడండి. లేబుల్ లేని బెల్టు సామాన్లు కట్టుకోవడానికి పనికొస్తుంది తప్ప ఎత్తడానికి కాదు.

అంచు పదునుగా ఉన్న సరుకుకు (గ్రానైట్, ఉక్కు ప్లేటు, బీమ్) మూల దగ్గర అడ్డు పెట్టకుండా ఏ స్లింగూ వెయ్యొద్దు. నిలువునా చీల్చిన పైపు ముక్క, మందపాటి పాత టైరు ముక్క, మూల చెక్క, ఏదైనా సరే. అడ్డు లేని వెబ్బింగ్ బెల్టు గ్రానైట్ అంచు మీద కత్తికి దారం దొరికినట్టే తెగుతుంది. వైర్ రోప్ వెంటనే తెగదు కానీ ఆ మలుపు దగ్గర లోపలి తీగలు విరిగి, మరో రోజు మరో సరుకు కింద తెగుతుంది.

పైన చెప్పిన 18.1 టన్నుల దిమ్మెకు మామూలుగా వేసే పద్ధతి: రెండు వైర్ రోప్ స్లింగులు దిమ్మె కిందుగా ఉయ్యాలలా తిప్పి నాలుగు కొనలూ హుక్‌లోకి. పొడవు 2.8 మీటర్లు కాబట్టి ప్రతి చివర నుంచీ 70 సెంటీమీటర్ల దగ్గర ఒక్కో స్లింగ్. రెండింటి మధ్య 1.4 మీటర్లు. 60 డిగ్రీల కోణంలో నాలుగు కాళ్లూ సమానంగా మోస్తే ఒక్కో కాలు మీద సుమారు 5.2 టన్నులు. పైన చెప్పినట్టు రెండు కాళ్లే మోస్తున్నాయనుకుని లెక్క కడితే సుమారు 10.5 టన్నులు. కోణం తక్కువైతే బరువు పెరగడం ఒక్కటే కాదు, రెండు స్లింగులూ మధ్యకు జారడం మొదలవుతుంది. నునుపు రాయి తడిస్తే అది కళ్ల ముందే జరుగుతుంది.

## 3. గేర్ తనిఖీ: షిఫ్టు మొదట్లో పదిహేను నిమిషాలు

ప్రతి గేరూ ఏడాదికోసారి సమర్థుడైన వ్యక్తి క్షుణ్ణంగా పరీక్షించి సర్టిఫికెట్ ఇవ్వాలి. అది మేనేజిమెంటు పని. రోజూ కంటితో, చేత్తో చూసుకోవడం జట్టు పని. సర్టిఫికెట్ నిన్నటి సంగతి చెబుతుంది. స్లింగ్ తెగేది ఈవేళ.

వైర్ రోప్

- చేతొడుగు వేసుకుని గుడ్డతో రోప్ పొడవునా తుడవండి. తెగిన తీగ గుడ్డను పట్టుకుంటుంది. ఒట్టి చేత్తో తడిమితే మీ చర్మాన్ని పట్టుకుంటుంది.
- ఒక పాయ రోప్ చుట్టూ ఒక పూర్తి చుట్టు తిరిగే పొడవును ‘లే’ అంటారు. ఒక లేలో మొత్తం 10 తీగలు తెగినా, లేదా ఒకే పాయలో 5 తెగినా ఆ స్లింగ్ పక్కన పెట్టాల్సిందే.
- మెలి పడి నిఠారు చేసినా గుర్తు పోని చోటు, పాయలు ఉబ్బి పంజరంలా విచ్చుకున్న చోటు, వేడికి రంగు మారిన చోటు, కన్ను (కొసలో మడిచిన ఉంగరం) దగ్గర ఫెర్రూల్ (ఆ మడతను బిగించే లోహపు గొట్టం) చిట్లిన చోటు ఉంటే తీగల లెక్క అక్కర్లేదు, తీసెయ్యండి.

షాకిల్

- ఒంటి మీద సామర్థ్యం అంకె కనబడాలి. అరిగిపోయి చదవలేకపోతే వాడొద్దు.
- పిన్ దానిదే అయి ఉండాలి. పిన్ పోయిందని బోల్టు పెట్టడం రేవుల్లో అందరూ చూసే తప్పు. బోల్టు ముందు వంగుతుంది, తర్వాత విరుగుతుంది.
- పిన్ పూర్తిగా బిగించి, కంటిలోంచి సన్న తీగ కట్టండి. రోప్ కదిలినప్పుడు పిన్ తిరిగి ఊడకుండా ఉంటుంది. కదిలే రోప్ పిన్ వైపు కాకుండా విల్లు (వంపు తిరిగిన) వైపు ఉండాలి.
- షాకిల్‌ను పక్కకు లాగితే బలం తగ్గుతుంది: 45 డిగ్రీల పక్క లాగుడులో 70 శాతం, 90 డిగ్రీలకు సగం.

హుక్

- నాలుక (సేఫ్టీ క్యాచ్) స్ప్రింగుతో తనంతట తాను మూసుకోవాలి. తీగతో వెనక్కి కట్టేసిన నాలుక ఉన్నా లేనట్టే.
- నోరు తెరుచుకుందా? కొత్తగా ఉన్నప్పటి వెడల్పు కన్నా 5 శాతం పెరిగితే హుక్ మార్చాలి. దాని మీదుండే రెండు పంచ్ గుర్తుల మధ్య దూరం కొలవడానికే ఆ గుర్తులు.
- మొన మీద బరువు వెయ్యొద్దు. కాళ్లన్నీ హుక్ గుంటలోనే కూర్చోవాలి. నాలుగైదు కన్నులు పట్టకపోతే మధ్యలో పెద్ద విల్లు షాకిల్ లేదా రింగు వాడండి.

పనికిరాని గేరును పక్కన పడేస్తే చాలదు. మధ్యాహ్నం షిఫ్టువాళ్లు అదే తీసుకుని వాడతారు. కన్ను దగ్గర కోసేయించండి.

ఒంటి మీద

- గడ్డం పట్టీ బిగించిన హెల్మెట్, ఉక్కు ముక్కున్న బూట్లు, మెరిసే జాకెట్.
- చేతికి సరిపోయే తోలు గ్లవ్స్. వదులు గ్లవ్ స్లింగ్‌లో చిక్కుకుంటే వేలిని కూడా లాక్కుపోతుంది.
- ఉంగరం, చేతి కడియం తీసెయ్యండి. మెడలో వేలాడే తువ్వాలు, నడుముకు వదులుగా చుట్టిన లుంగీ వించి (తాడు చుట్టే యంత్రం) దగ్గర ఉరితాళ్లే.

## 4. ఎవరు ఎక్కడ నిలబడాలి, ఎవరి మాట వినాలి

పని మొదలుకాకముందు ఐదు నిమిషాలు జట్టంతా ఒకచోట నిలబడి ఇవి తేల్చుకోండి:

- సిగ్నల్ ఇచ్చేది ఒక్కరే. ఎవరు?
- ఆ మనిషి ఆపరేటరుకు కనబడతాడా? హోల్డ్‌లో (ఓడలోని సరుకు గదిలో) పని అయితే హ్యాచ్ (ఆ గది పై తలుపు) అంచు దగ్గర ఇంకొకరు కావాలా, లేక వాకీటాకీనా?
- బరువు వెళ్లే దారి ఏది? ఆ దారి కింద ఎవరు పనిచేస్తున్నారు?
- తప్పుకోవాల్సి వస్తే ఎటు పరుగెత్తాలి?

ఎత్తు, దించు అన్నవి ఒక్కరు చెబితేనే వినాలి. ‘ఆపు’ మాత్రం ఎవరు అరిచినా ఆపాలి, అరిచింది నిన్న చేరిన కుర్రాడైనా సరే. పాత ఖలాసీలు ఎత్తమనడానికి ‘హబేస్’, దించమనడానికి ‘ఆరియా’ అంటారు. జట్టులో ఒడియా, బెంగాలీ, బిహారీ కుర్రాళ్లుంటే ఏ మాటకు ఏ అర్థమో ముందే తేల్చుకోండి. వించి చప్పుడులో మాట ఎలాగూ సరిగ్గా వినబడదు కాబట్టి చేతి సైగే అసలు భాష. చెయ్యి పైకెత్తి చూపుడు వేలు పైకి చూపి తిప్పితే ఎత్తు. చెయ్యి కిందికి దించి వేలు నేలకు చూపి తిప్పితే దించు. అరచెయ్యి నేలకేసి, చెయ్యి చాచి అటూ ఇటూ ఊపితే ఆపు. రెండు చేతులూ అలా ఊపితే ఉన్నపళంగా ఆపు.

నిలబడే చోటు గురించి ఒకే పరీక్ష: ఈ బరువు ఇప్పుడు నా వైపు మీటరు ఊగితే నా వెనక ఏముంది? గోడ, హ్యాచ్ కోమింగ్ (హ్యాచ్ చుట్టూ ఉండే గట్టు), లారీ బాడీ, ఇదివరకు పేర్చిన దొంతర ఉంటే అక్కడ నిలబడకండి. ఖాళీ ఉంటేనే నిలబడండి.

## 5. ఎత్తే వరస

1. హుక్ సరుకు గరిమనాభికి నిట్టనిలువుగా పైకి రావాలి. పక్కకుంటే సరుకు లేవగానే పక్కకు జారి, హుక్ కిందకు వచ్చేలా ఊగుతుంది. యంత్రాల పెట్టెల మీద గరిమనాభి గుర్తు ఉంటుంది, అది పెట్టె మధ్యలోనే ఉంటుందని అనుకోవద్దు.
2. స్లింగులు తగిలించి, రెండు చివర్లా ట్యాగ్ లైన్ (పక్క తాడు) కట్టండి. తాడు చేతికి చుట్టుకోవద్దు, నడుముకు కట్టుకోవద్దు. చివర ముడి వెయ్యొద్దు, ఎక్కడో తగులుకుంటుంది.
3. నెమ్మదిగా స్లాక్ (స్లింగ్‌లోని వదులు) తీయించండి. ఇక్కడే చేతులు పోతాయి. వదులు స్లింగ్ అడ్డచెక్క మీద సరిగ్గా కూర్చోలేదని చూసి, సర్దడానికి చెయ్యి పెడతారు. అదే క్షణంలో ఆపరేటరు ఇంకో చెయ్యెడు లాగుతాడు. సర్దాలంటే ఆపించండి, కిందికి వదలమనండి, పూర్తిగా వదులయ్యాక సర్దండి. పట్టుకోక తప్పకపోతే స్లింగ్‌ను అరచేత్తో బయటి వైపు నుంచి తోసి ఉంచండి, వేళ్లు చుట్టి పట్టుకోవద్దు.
4. చేతులు ఖాళీ అని ప్రతి ఒక్కరూ సిగ్నల్‌మ్యాన్‌కు రెండు అరచేతులూ చూపించాలి. ఈ చిన్న అలవాటు ఒక్కటి పెట్టుకున్న జట్టులో వేళ్ల దెబ్బలు తగ్గుతాయి. అరచేతులు కనబడనంతవరకు సిగ్నల్‌మ్యాన్ ఎత్తమనకూడదు.
5. జానెడు నుంచి మూరెడు ఎత్తి ఆపండి. పది సెకన్లు చూడండి. ఒరుగుతోందా? స్లింగ్ జారుతోందా? క్రేన్ బ్రేకు నిలబడిందా? క్రేన్ వెనక ఊత కాళ్లు నేలను వదులుతున్నాయా? ఏది కనబడినా కిందికి దించి మళ్లీ మొదటి నుంచి.
6. బరువును పక్కకు తోయడానికి చేత్తో ముట్టుకోవద్దు. పక్క తాడుతోనే తిప్పండి.
7. గాలి గురించి క్రేన్ తయారీదారు చెప్పిన హద్దే హద్దు. పెద్ద ఉపరితలం ఉన్న సరుకు (టాంకు, ప్యానెల్, ఖాళీ కంటైనరు) గాలికి తెరచాపలా పట్టుకుంటుంది కాబట్టి హద్దుకు ముందే ఆపాలి. అక్టోబరు, నవంబరు తుపాను రోజుల్లో గాలి నెమ్మదించినట్టుండి ఒక్కసారిగా విసురుతుంది. క్రేన్ మీది మీటరు చూడండి, జెండా చూసి అంచనా వెయ్యొద్దు.

### మధ్యలో ఏదైనా తేడా వస్తే

- సరుకు ఒరిగింది: బరువైన వైపు స్లింగ్ పొట్టి చెయ్యాలి, లేదా హుక్ అటు జరపాలి. ఎత్తి ఉన్న వైపు మనిషిని ఎక్కించి సమం చేయడం ఆత్మహత్య.
- గిరగిరా తిరుగుతోంది: పక్క తాళ్లు సరిపోలేదు. దించి ఇంకోటి కట్టండి.
- ‘టక్’ మన్న చప్పుడు: ఎందుకో ఆలోచించకుండా దించండి. తర్వాత స్లింగ్ పొడవునా చూడండి.
- ఊగుతోంది: ఆపరేటరు ఊగే వైపే బూమ్ నెమ్మదిగా నడిపి ఆపుకుంటాడు. కింద ఉన్నవాళ్లు పట్టుకుని ఆపాలని చూడొద్దు. 5 టన్నుల బరువు మనిషి నడక వేగంతో వచ్చినా గోడకు నొక్కేస్తుంది.

## 6. దించడం, స్లింగ్ తీయడం

చెక్కలు (డన్నేజ్) సరుకు రాకముందే పరచి ఉంచండి. 10 × 10 సెంటీమీటర్ల చెక్కలు, రెండు వరసలు, స్లింగ్ బయటికి లాగడానికి సందు ఉండేలా. గ్రానైట్‌కైనా స్టీలుకైనా చెక్కలన్నీ ఒకే మందం ఉండాలి. ఒకటి పలచగా ఉందని తెలిసేది సరుకు కూర్చునే చివరి క్షణంలోనే. అప్పుడు ‘ఒక్క నిమిషం’ అని చెయ్యి పెట్టి చెక్క జరపడం రేవుల్లో వేళ్లు పోవడానికి ఇంకో మామూలు దారి.

చెక్క జరపాలంటే మూరెడు ఎత్తులో బరువు ఆపించి, పొడవాటి కొక్కెపు కర్రతో జరపండి. బరువు కిందికి మోచెయ్యి కూడా వెళ్లకూడదు.

కాయిళ్లు, పైపులు, దుంగలు దొర్లే సరుకు. రెండు వైపులా ఆపు చెక్కలు (వెడ్జిలు) పెట్టి, అవి గట్టిగా పట్టాయని చూశాకే స్లింగ్ వదులు చెయ్యాలి. వరస చివరి కాయిల్ కదిలితే పక్కవన్నీ కదులుతాయి. కాయిల్ పట్టీ కత్తిరించాల్సి వస్తే కొసకు ఎదురుగా నిలబడొద్దు, పక్కన ఉండండి. కంటికి అద్దాలు పెట్టుకోండి. పట్టీ కొరడాలా లేస్తుంది.

ఇప్పుడు అందరూ చేసే, అందరూ ‘ఏం కాదులే’ అనే తప్పు: బరువు కింద నలిగిన స్లింగ్‌ను క్రేన్‌తో లాగేయడం. కన్ను చెక్కకు తగులుకుంటే సరుకు పక్కకు పడుతుంది. తగులుకోకపోయినా స్లింగ్ బయటికి రాగానే కొస ఎగిరి మొహం మీదికి వస్తుంది. సరైన వరస ఇది: స్లింగ్ పూర్తిగా వదులు చెయ్యండి, కన్నులు హుక్ నుంచి తీయండి, ఒక కొస చేత్తో లాగండి. రాకపోతే ఇరుక్కుందని అర్థం. అప్పుడు సరుకును మళ్లీ కొంచెం ఎత్తి చెక్క సర్దండి. పది నిమిషాలు పోతాయి. పోనివ్వండి.

హుక్ ఖాళీ అయ్యాక మనిషి ఎత్తు దాటేదాకా ఒకరు దాన్ని చూస్తూ ఉండాలి. ఖాళీ స్లింగ్ కన్ను లారీ సైడు పలకకో, మనిషి జాకెట్‌కో తగులుకోవడం మామూలే.

## 7. చేతి మోత: బస్తాలు

కాకినాడలో బియ్యం ఎగుమతి రోజుల్లో మనిషి మోసేది 50 కిలోల బస్తా. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లో ఇచ్చిన సిఫారసులో మగవాళ్లు ఒంటరిగా మోసే గరిష్ఠ బరువు 55 కిలోలు. అంటే 50 కిలోలే దాదాపు హద్దు. ఆ మీద ఇంకో చిన్న సంచి కలిపి మోయడం గొప్ప కాదు.

- నేల మీది బస్తాను ఒక్కరే నెత్తికి ఎత్తుకోవద్దు. ఇద్దరు నడుము ఎత్తు దాకా లేపి, మూడో మనిషి కింద నిలబడి మోయాలి.
- ఎత్తేటప్పుడు మోకాళ్లు వంచండి, బరువు పొట్టకు ఆనించండి. తిరగాలంటే నడుము తిప్పకుండా పాదాలు తిప్పండి. నడుం పట్టేది ఎక్కువగా తిరిగేటప్పుడే.
- దొంతర పైనుంచి మెట్లు మెట్లుగా తీయండి. కింది బస్తా లాగితే మీద పడుతుంది.
- జంబో బ్యాగ్ అయితే నాలుగు చెవులూ హుక్‌కు నిలువుగా తగలాలి. రెండు చెవులతో ఎత్తితే సంచి చిరుగుతుంది.

## 8. హోల్డ్‌లోకి దిగేముందు గాలి

బొగ్గు, దుంగలు, ఉక్కు తుక్కు, కొబ్బరి కురిడీలు: ఇవన్నీ మూసిన హోల్డ్‌లో ఉన్న ఆక్సిజన్‌ను తినేస్తాయి. మామూలు గాలిలో ఆక్సిజన్ 20.9 శాతం. మీటరులో 19.5 కన్నా తక్కువ చూపిస్తే దిగొద్దు. వాసన ఉండదు, దగ్గు రాదు, మెట్ల మీదే పడిపోతారు. నిచ్చెన దారి మూసి ఉన్న గొట్టంలా ఉంటే హోల్డ్ హ్యాచ్ తెరిచినా ఆ గొట్టంలో చెడుగాలి నిలబడే ఉండొచ్చు, దాన్ని విడిగా కొలవాలి.

ఒకరు పడిపోయారని ఇంకొకరు దిగితే ఇద్దరు పోతారు. గాలి పరికరం ఉన్న రెస్క్యూ వాళ్లే దిగాలి.

## 9. దెబ్బ తగిలిన మొదటి పది నిమిషాలు

క్రమం: క్రేన్ ఆపించండి. ఒకరు పోర్టు అంబులెన్సుకు లేదా 108కు ఫోన్ చేసి బెర్త్ నంబరు, గేటు నంబరు చెప్పండి. ఒకరు గేటు దగ్గర నిలబడి దారి చూపాలి. పెద్ద రేవులో అంబులెన్సు గేటు దగ్గరే దారి వెతుక్కుంటూ ఉండిపోతుంది.

రక్తం కారుతుంటే: శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టండి, మాటిమాటికీ తీసి చూడొద్దు. చేతికో కాలికో ధారగా కారుతూ ఆగకపోతే గాయానికి 5–7 సెంటీమీటర్ల పైన, కీలు మీద కాకుండా, వెడల్పు పట్టీతో బిగించి కట్టండి. కట్టిన టైము నుదుటి మీదో కట్టు మీదో రాయండి. కట్టు విప్పేది డాక్టరే.

వేలు తెగిపోతే: దొరికిన ముక్కను తడిపిన శుభ్రమైన పలచని గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి కట్టి, ఆ సంచిని ఐసు వేసిన నీళ్లలో ఉంచండి. ముక్క నేరుగా ఐసుకు తగిలితే పాడవుతుంది. పసుపు, సున్నం, కాఫీ పొడి ఏదీ వద్దు.

కాలో చెయ్యో బరువు కింద ఇరుక్కుంటే: ఇరుక్కున్న టైము చూసి రాయండి. 108 ఫోనులో ఉండగానే ఎంతసేపైందో చెప్పి, వాళ్లు చెప్పినట్టు చెయ్యండి. ఎక్కువసేపు నలిగిన కండరాన్ని వదలగానే విషం రక్తంలోకి చేరి గుండె, కిడ్నీలు దెబ్బ తినవచ్చు. అందుకే డాక్టరుకు మొదట చెప్పాల్సింది ఆ టైమే. మనిషి ‘నాకేం కాలేదు’ అన్నా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

పైనుంచి పడితే: ప్రాణాపాయం ఉంటే తప్ప కదల్చొద్దు. తల, మెడ కదలకుండా చేతులతో పట్టుకుని ఉండండి. కూర్చోబెట్టి నీళ్లు తాగించొద్దు.

## 10. కాగితాలు: అదే రోజు మొదలుపెట్టండి

పరిహారం రాకపోవడానికి చట్టం కన్నా కాగితం లేకపోవడమే ఎక్కువ కారణమవుతుంది. కాంట్రాక్టరు ‘ఆసుపత్రి ఖర్చు నేను చూసుకుంటా, పోలీసు గీలీసు వద్దు’ అంటాడు. రెండు నెలల తర్వాత ఫోను ఎత్తడు.

అదే రోజు చెయ్యాల్సినవి:

- ఆసుపత్రిలో ‘రేవులో పని చేస్తుండగా’ అని రాయించండి. మెట్ల మీద జారాడనీ, బండి మీద పడ్డాడనీ రాస్తే కేసు అక్కడే చచ్చిపోతుంది. మెడికో లీగల్ నంబరు (ప్రమాద కేసుకు ఆసుపత్రి ఇచ్చే నంబరు) అడిగి రాసుకోండి.
- ప్రమాదాల రిజిస్టరులో నమోదు చేయించండి. డాక్ సేఫ్టీ ఇన్‌స్పెక్టరుకు పంపిన నోటీసు కాపీ అడగండి.
- ఇద్దరు సాక్షుల పేర్లు, ఫోన్ నంబర్లు.
- ఆ రోజు గేటు పాసు, టాలీ షీటు (సరుకు లెక్క కాగితం), జట్టు హాజరు. కూలీ ఫోన్‌లో పడుతుంటే ఆరు నెలల లావాదేవీలు. జీతం ఎంతో చెప్పేవి ఇవే.
- రేవులో ఫొటోలకు అనుమతి కావాలి. ఫోర్‌మన్ ద్వారా అనుమతి తీసుకుని, తెగిన స్లింగ్ పారేయకుండా భద్రం చేయించండి.

నెలకు 21,000 దాకా జీతం ఉండి ఈఎస్ఐ కడుతుంటే దారి అది: పని చెయ్యలేని రోజులకు జీతంలో 90 శాతం. పని ప్రమాదానికి ఇన్నాళ్లు కట్టి ఉండాలన్న షరతు లేదు, మొదటి రోజు దెబ్బ తగిలినా వర్తిస్తుంది.

ఈఎస్ఐ లేకపోతే ఉద్యోగుల పరిహారం. 1923 నాటి చట్టం స్థానంలో సామాజిక భద్రతా కోడ్, 2020 వచ్చింది. 2025 నవంబరు 21 నుంచి అమల్లో ఉంది. లెక్క కట్టే పద్ధతి మారలేదు. మరణానికి నెల జీతంలో 50 శాతం, పూర్తి శాశ్వత వైకల్యానికి 60 శాతం, దాన్ని వయసును బట్టి ఉండే గుణకంతో గుణిస్తారు. కొంత వైకల్యం అయితే ఆ మొత్తంలో ఎంత శాతం నష్టమో అంత.

ఒక లెక్క: 40 ఏళ్ల మనిషికి చేతి బొటనవేలు పూర్తిగా పోయింది. చట్టంలోని పట్టికలో చేతి బొటనవేలికి 30 శాతం. 40 ఏళ్లకు గుణకం 184.17. 2020 నోటిఫికేషన్ ప్రకారం లెక్కకు తీసుకునే జీతం గరిష్ఠంగా 15,000. కాబట్టి 15,000లో 60 శాతం 9,000. దాన్ని 184.17తో గుణిస్తే 16,57,530. అందులో 30 శాతం 4,97,259 రూపాయలు. కాంట్రాక్టరు చేతిలో పెట్టే ముప్పై వేలకు సంతకం పెట్టేముందు ఈ అంకె గుర్తుంచుకోండి.

తాత్కాలికంగా పని చెయ్యలేకపోతే ప్రతి పదిహేను రోజులకూ నెల జీతంలో 25 శాతం. చికిత్స ఖర్చు వేరు. కాంట్రాక్టరు చేతులెత్తేస్తే అతణ్ని పెట్టుకున్న అసలు యజమాని బాధ్యుడు. చెల్లింపు ఒక నెల దాటితే ఏడాదికి 12 శాతం వడ్డీ, కారణం లేకుండా ఆలస్యం చేస్తే మొత్తంలో 50 శాతం దాకా జరిమానా పడొచ్చు.

తాగి ఉన్నాడనో, హెల్మెట్ కావాలనే తీసేశాడనో చెప్పి యజమాని తప్పుకోవచ్చు. మరణానికి, పూర్తి శాశ్వత వైకల్యానికి మాత్రం ఆ సాకులు చెల్లవు.

దరఖాస్తుకు గడువు ప్రమాదం జరిగిన రోజు నుంచి రెండేళ్లు. కార్మిక శాఖలో పరిహారం విచారించే అధికారి దగ్గర వెయ్యాలి. వైకల్యం శాతం డాక్టరు రాసే సర్టిఫికెట్ మీద ఆధారపడుతుంది కాబట్టి గాయం పూర్తిగా మానాకే ఆ సర్టిఫికెట్ తీసుకోండి. నోటీసు, ఆసుపత్రి చీటీలు, హాజరు కాగితాలు మాత్రం రెండు సెట్లు తీయించి ఒకటి ఇంట్లో, ఒకటి యూనియన్ ఆఫీసులో పెట్టండి.